షష్టిపూర్తికి అరవై బొమ్మల నోటు: ఊహా కరెన్సీని గీత గీతగా డిజైన్ చేసే పద్ధతి

మా మేనమామ షష్టిపూర్తికి వచ్చినవాళ్ళ చేతిలో ఏం పెట్టాలన్న చర్చ ఇంట్లో నెల రోజులు నడిచింది. స్టీలు గిన్నె అన్నారు, కుంకుమ భరిణె అన్నారు, పూల మొక్క అన్నారు. చివరికి నేను ఒక నోటు తయారు చేస్తానన్నాను. ఏ దేశానిదీ కాని నోటు. రాజ్యం పేరు పొణికి రాజ్యం. మామయ్యది కొండపల్లి పక్క ఊరు, అక్కడి బొమ్మలు చెక్కేది తెల్ల పొణికి చెక్కతో, అందుకే ఆ పేరు. ఆ రాజ్యంలో డబ్బును బొమ్మల్లో లెక్కపెడతారు. నోటు విలువ అరవై బొమ్మలు.

మొదటిసారి చేసింది అస్సలు కుదరలేదు. మామయ్య ఫోటో పెట్టాను, చుట్టూ రెడీమేడ్ బోర్డరు పెట్టాను, వెనక పాత కాగితం టెక్స్చర్ వేశాను. చూస్తే బట్టల షాపు కూపన్‌లా ఉంది. ఎక్కడ తేడా కొట్టిందో తెలియక జేబులోంచి అయిదు వందల నోటు తీసి భూతద్దం కింద పెట్టాను. అప్పుడు అర్థమైంది, నోటు మీద ఫోటో అనేదే లేదు. ఉన్నదంతా గీతే. ముఖం గీతలే, నేల గీతలే, నీడ కూడా దగ్గరదగ్గరగా వేసిన గీతలే. ఆ ఒక్క సంగతి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఇక్కడ రాసేదంతా ఆ రెండోసారి చేసిన పని.

వాడినవి మూడూ ఉచిత సాఫ్ట్‌వేర్లే: గీతలకు ఇంక్‌స్కేప్, ముఖానికి గింప్, చివర్లో ప్రెస్‌కు పంపే పీడీఎఫ్ కోసం స్క్రైబస్. ఇలస్ట్రేటర్, ఫోటోషాప్ అలవాటున్నవాళ్ళు అవే వాడుకోవచ్చు, పద్ధతి మారదు.

కంప్యూటర్ తెరవకముందు

రెండు పనులు చేయండి. మొదటిది చూడటం. పది రెట్లు పెద్దది చేసే చిన్న భూతద్దం కొనుక్కోండి, నగల షాపుల్లో వాడే రకం. అయిదు వందల నోటును ఎండలో పెట్టి ఒక పావుగంట ఓపిగ్గా చూడండి. గాంధీ గారి చెంప మీద గీతలు చెంప ఎటు వంగితే అటే వంగుతాయి. వెలుతురు పడే చోట గీత సన్నబడి, ఇంకా వెలుతురున్న చోట తెగిపోయి చుక్కలవుతుంది. నీడ ఉన్నచోట ఒక గీతల వరస మీద ఇంకో వరస అడ్డంగా పడుతుంది. బూడిద రంగు ఎక్కడా లేదు. సిరా ఉంది, లేదా కాగితం ఉంది. తర్వాత కళ్ళు మూసుకుని రెండు అంచులూ వేలితో తడమండి. ఏటవాలుగా ఐదేసి గీతలు వేలికి తగులుతాయి. వంద నోటు మీద అవి నాలుగే. చూపు లేనివాళ్ళు నోటును గుర్తుపట్టడానికి వేసినవి అవి. చెక్కిన లోహపు పలకలో సిరా నింపి, గట్టి ఒత్తిడితో కాగితాన్ని ఆ గాళ్ళలోకి దించితే గీత అలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మనకు డిజిటల్ ప్రింట్‌లో రాదు. కానీ కంటికి కనిపించే గీత మాత్రం మన చేతిలోనే ఉంది.

రెండోది చట్టం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. దొంగనోట్ల ముద్రణ ఎంత పెద్ద నేరమో అందరికీ తెలిసిందే, భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వెళ్తుంది. చాలామందికి తెలియనిది 182వ సెక్షన్. అసలు నోటును ఏ విధంగానైనా పోలి ఉండే కాగితం తయారు చేసినా, పంచినా అది నేరమే. మోసం చేసే ఉద్దేశం లేకపోయినా సరే. పాత శిక్షాస్మృతిలో ఇదే 489-ఇ. పెళ్ళికార్డును రెండువేల నోటులా ముద్రించడం, అసలు నోటు బొమ్మలో పెళ్ళికొడుకు ఫోటో పెట్టి ముద్రించడం లాంటి సరదాలన్నీ దీని కిందకే వస్తాయి.

అందుకని నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. అసలు నోటును స్కాన్ చేయకూడదు, దాన్లోంచి చిన్న ముక్క కూడా తీసుకోకూడదు. గాంధీ బొమ్మ, మూడు సింహాల చిహ్నం, రిజర్వ్ బ్యాంకు పేరు, రూపాయి గుర్తు ఏవీ ఉండకూడదు. సైజు ఏ నోటుతోనూ కలవకూడదు. విలువ కూడా చెలామణిలో లేని అంకె అయి ఉండాలి, మా అరవై అందుకూ పనికొచ్చింది. రెండు వైపులా ‘ఇది డబ్బు కాదు, శుభాకాంక్షల కాగితం’ అని చదవగలిగేంత పెద్దగా రాయాలి.

మరో సంగతి. ఫోటోషాప్‌కు నోట్లను గుర్తుపట్టే ఏర్పాటు 2003లో వచ్చిన సీఎస్ వెర్షన్ నుంచీ ఉంది. నోటు బొమ్మ తెరవబోతే హెచ్చరిక చూపించి ఆపేస్తుంది. చాలా దేశాల నోట్ల మీద ఐదు చిన్న ఉంగరాల అమరిక ఒకటి ఉంటుంది, కలర్ కాపియర్లు దాన్ని చూడగానే పని మానేస్తాయి. మీ నోటు మీద అందం కోసమని చిన్న సున్నాలు చల్లకండి, అనుకోకుండా ఆ అమరిక కుదిరితే ప్రింటర్ మొరాయిస్తుంది.

చట్టం ఇంత గట్టిగా ఉంది కదా, కళకు చోటెక్కడ అని అడగొచ్చు. అమెరికాలో జె.ఎస్.జి. బాగ్స్ అనే చిత్రకారుడు ఉండేవాడు. డాలర్లు, పౌండ్లు చేత్తో గీసి, హోటళ్ళలో భోజనం బిల్లుకు ఆ బొమ్మనే ఇస్తాననేవాడు. బొమ్మ అని చెప్పే ఇచ్చేవాడు, ఇష్టమైనవాళ్ళు తీసుకునేవాళ్ళు. 1987లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు దాకా లాక్కెళ్ళారు, జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. గొప్ప కళాకారుడే, కానీ మనకు కోర్టు మెట్లెక్కే అవసరం లేదు. ఊహా రాజ్యం అన్నిటికన్నా హాయి. యూరో నోట్లు కూడా ఒకరకంగా ఊహే. ఏ దేశానికీ చెందకూడదని ఆస్ట్రియా డిజైనర్ రాబర్ట్ కలీనా వాటి మీద లేని వంతెనలు గీశాడు. తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సె ఊళ్ళో ఆ వంతెనలన్నిటినీ చిన్నసైజులో నిజంగానే కట్టేశారు! బొమ్మ ముందు, వంతెన తర్వాత.

కొలతలు, పొరలు

మా నోటు 180 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల ఎత్తు. మన అయిదు వందల నోటు 150 బై 66 కాబట్టి పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. ఇంక్‌స్కేప్‌లో డాక్యుమెంట్ కొలత మొదటి నుంచీ మిల్లీమీటర్లలోనే పెట్టుకోవాలి, పిక్సెల్స్‌లో మొదలుపెడితే గీత మందం ఎంతో చివరిదాకా తెలియదు. పూర్తిగా గింప్‌లోనే చేసేవాళ్ళకైతే 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) దగ్గర ఈ సైజు 4252 బై 2126 పిక్సెల్స్ అవుతుంది.

తర్వాత తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ఒక ప్లాన్ గీయండి. ముఖం ఎక్కడ, అంకె ఎక్కడ, పువ్వు ఎక్కడ, ఖాళీ ఎక్కడ. ఖాళీ గురించి నొక్కి చెబుతున్నాను. అసలు నోట్లలో వాటర్‌మార్కు కోసం వదిలే తెల్లచోటే మిగతా హడావిడిని మోస్తుంది. నేను ఎడమవైపు మూడో వంతు దాదాపు ఖాళీగా ఉంచాను.

పొరలు కింది నుంచి పైకి ఇలా పేర్చుకున్నాను: నేల గీతలు, పువ్వు, అంచు, ముఖం, అక్షరాలు, అన్నిటికన్నా పైన హెచ్చరిక వాక్యం. ఒక్కో పొరకు పేరు పెట్టి, పని అయిపోగానే తాళం వేయండి. వేల గీతల మధ్య పొరపాటున ఒకటి కదిలితే వెతికి పట్టుకోవడం గగనం.

పువ్వు

నోటు మీద చక్రంలా, తామరపువ్వులా తిరిగే సన్నటి గీతల అల్లికను గియోష్ అంటారు. ఒకప్పుడు వీటిని పళ్ళచక్రాలున్న లేత్ యంత్రం మీద లోహంలో చెక్కేవారు. చక్రం లోపల ఇంకో చక్రం దొర్లుతుంటే దానికి గుచ్చిన సూది గీసే దారి అది.

నాకు మాత్రం అది చూడగానే మా అమ్మమ్మ వేసే మెలికల ముగ్గు గుర్తొచ్చింది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ చెయ్యి ఎత్తకుండా గీత తిప్పుకుంటూ పోతుంది. గీత తనను తాను ఎన్నో చోట్ల దాటుతుంది, ఏ చుక్కనూ తాకదు, చివరికి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. గియోష్‌లో లెక్కా అంతే: గీత మొదలైన చోటికి ఎన్ని చుట్లకు వస్తుంది, ఈలోపు ఎన్ని రేకులు వేస్తుంది. ముగ్గు తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది పరాయి విద్యేమీ కాదు.

ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో రెండర్, దాన్లో స్పైరోగ్రాఫ్ తెరవండి. మూడు అంకెలు అడుగుతుంది: బయటి చక్రం వ్యాసార్ధం, లోపల దొర్లే చక్రం వ్యాసార్ధం, ఆ చక్రం మధ్య నుంచి కలం ఎంత దూరంలో ఉందన్నది. గేర్ లోపల పెట్టాలా బయటా అని అడిగితే లోపల అనండి.

రేకుల లెక్క ఇదీ. రెండు చక్రాల అంకెలకూ గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోండి, అదే మనం ఆరో తరగతిలో నేర్చుకున్న గ.సా.భా. బయటి అంకెను దానితో భాగిస్తే రేకులు, లోపలి అంకెను భాగిస్తే చుట్లు. నాకు అరవై రేకులు కావాలి, షష్టిపూర్తి కదా. బయట 120, లోపల 46 పెట్టాను. గ.సా.భా. 2. అంటే 60 రేకులు, 23 చుట్లు. కలం దూరం 30 పెడితే మధ్యలో గుండ్రటి ఖాళీ మిగిలి, చుట్టూ దట్టమైన కంకణంలా వస్తుంది. ఆ ఖాళీలోనే అంకె కూర్చుంటుంది. అదే బయట 120, లోపల 50 పెట్టి చూడండి, పన్నెండే రేకులు, ఐదే చుట్లు. పిల్లల డ్రాయింగ్ పుస్తకంలో పువ్వులా ఉంటుంది. గ.సా.భా. ఎంత చిన్నదైతే అల్లిక అంత చిక్కన. క్వాలిటీ అన్న అంకెను ఎక్కువగా ఉంచండి, లేకపోతే వంపుల దగ్గర గీత కోణాలు తేలుతుంది.

ఒక్క గీతతో నోటు పువ్వు రాదు. అవే చక్రాలతో కలం దూరం 30, 28, 26, 24 అని మారుస్తూ నాలుగైదు గీయించండి. అన్నిటినీ ఎంచుకుని అలైన్ ప్యానెల్‌తో ఒకే కేంద్రం మీదికి తెండి. ఇప్పుడు గీతలు పక్కపక్కన జట్టుగా నడుస్తాయి. కొన్నిచోట్ల దగ్గరై ముదురుగా, కొన్నిచోట్ల దూరమై లేతగా కనిపిస్తాయి. ఆ ముదురు లేతల అలే నోటు పువ్వుకు ప్రాణం. తర్వాత బయట 120, లోపల 34, కలం దూరం 18తో ఇంకో జట్టు వేసి వేరే రంగులో దాని మీద పెట్టాను. ఇదీ అరవై రేకులే, చుట్లు మాత్రం 17. కంకణం సన్నగా వచ్చి మొదటి పువ్వు అంచు మీద చీర జరీలా కూర్చుంది.

గీత మందం 0.12 మిల్లీమీటర్లు ఉంచాను. తెర మీద జూమ్ చేసి చూస్తే బలంగా కనిపిస్తుంది, మోసపోకండి. వంద శాతం సైజులో ఒక ముక్క ప్రింట్ తీసి చూడటమే నిజం.

నేల, అంచు

నేల గీతలు తేలిక. ఇంక్‌స్కేప్‌లో ఒక దీర్ఘచతురస్రం గీసి ఎంచుకుని, రెండర్ మెనూలోనే ఫంక్షన్ ప్లాటర్ తెరిచి ఒక సైన్ తరంగం గీయించండి. దాన్ని కాపీ చేసి నోటు అడుగుభాగానికి దించి, కొంచెం ఎత్తు మార్చండి. ఇప్పుడు రెండిటినీ ఎంచుకుని జెనరేట్ ఫ్రమ్ పాత్‌లో ఇంటర్‌పొలేట్ నడిపితే మధ్యలో మీరు చెప్పినన్ని గీతలు పుడతాయి. పై గీత ఒక తీరు, కింది గీత ఒక తీరు, మధ్యలోవి మెల్లగా ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మారతాయి. వరిచేలో గాలి వీచినట్టుంటుంది. నేను నూట ఇరవై గీతలు వేయించాను. ఇలస్ట్రేటర్‌లో ఇదే పని బ్లెండ్ టూల్ చేస్తుంది.

అంచుకు కూడా అదే సూత్రం. ఒక తరంగం, దాని తలకిందుల బొమ్మ, మధ్యలో ఎనిమిది గీతలు. జడ అల్లినట్టు వస్తుంది. నాలుగు మూలల్లో జడ ఎలా తిరగాలన్నది పెద్ద తలనొప్పి. నేను మూలల్లో చిన్న పువ్వులు పెట్టి కప్పేశాను, పాత నోట్లు చాలావాటిలో చేసిందీ అదే.

ముఖం

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది దీనికే.

ఫోటో ఎంపికతోనే సగం పని తేలిపోతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటో పనికిరాదు, ముఖం చపాతీలా ఉంటుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి. ముక్కు పక్కన, గడ్డం కింద నీడ ఉండాలి. గింప్‌లో తెరిచి వెనక భాగం పూర్తిగా తెల్లగా చేయండి, రంగు తీసేయండి, కర్వ్స్‌తో వెలుగునీడల తేడా పెంచండి. తెలుపు నిజంగా తెలుపు కావాలి, జుట్టు నిజంగా నలుపు కావాలి. మామయ్య జుట్టు ముప్పావు వంతు నెరిసింది, అదీ గీతలకు బాగా కలిసొచ్చింది. చివరగా కొద్దిగా బ్లర్ చేయండి, చర్మం మీది గరుకు గీతల్ని చెడగొట్టకుండా.

ఈ ఫైలు 1200 డీపీఐలో ఉండాలి, ఎందుకంటే చివరికి దీన్లో మిగిలేవి నలుపు తెలుపులే. ముఖానికి నేనిచ్చిన చోటు 45 బై 60 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 2126 బై 2835 పిక్సెల్స్.

ఇప్పుడు కొత్త లేయర్ తీసి గీతల నేత వేయాలి. గ్రేడియెంట్ టూల్ ఎంచుకుని నలుపు నుంచి తెలుపు, రిపీట్ దగ్గర ట్రయాంగులర్ వేవ్ పెట్టండి. బాగా జూమ్ చేసి, కంట్రోల్ నొక్కి పట్టుకుని, నిలువుగా తొమ్మిదిన్నర పిక్సెల్స్ మేర లాగి వదలండి. లేయర్ అంతా మెత్తటి అడ్డగీతలు పరుచుకుంటాయి, గీతకూ గీతకూ మధ్య 19 పిక్సెల్స్, అంటే 0.4 మిల్లీమీటర్లు. మెత్తగా ఉండటం ముఖ్యం. గట్టి నలుపు గీతలైతే కిటుకు పనిచేయదు.

ఫోటో లేయర్‌ను ఈ గీతల మీదికి తెచ్చి ఒపాసిటీ 50 శాతానికి తగ్గించండి. రెండూ కలిపేసి, కలర్స్ మెనూలో త్రెషోల్డ్ (బూడిద రంగులన్నిటినీ నలుపో తెలుపో చేసేది) తెరిచి మధ్యలో, 128 దగ్గర పెట్టండి. చూడండి ఏం జరుగుతుందో! ఫోటో తెల్లగా ఉన్నచోట గీత మాయమవుతుంది, నల్లగా ఉన్నచోట గీతలు కలిసిపోతాయి, మధ్య రకం చోట్ల గీత ఎంత మందం ఉండాలో అంతే ఉంటుంది. మొదటిసారి మామయ్య ముక్కు అలా గీతల్లోంచి లేచి నిలబడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి మా అమ్మను పిలిచాను.

కానీ ఇలా వదిలేస్తే పాత టీవీ తెర మీద బొమ్మలా ఉంటుంది. అన్ని గీతలూ తిన్నగా ఉండటమే కారణం. భూతద్దంలో చూసింది గుర్తు తెచ్చుకోండి, చెంప వంగితే గీత వంగుతుంది. అందుకే ఫోటోతో కలపకముందే గీతల లేయర్‌ను వార్ప్ టూల్‌తో వంచాలి. ఫోటోను లేతగా పైన కనబడనిచ్చి, నుదురు దగ్గర పైకి విల్లులా, చెంపల దగ్గర కిందికి, ముక్కు మీద మధ్యలోంచి ఎత్తినట్టు తోయండి. పెద్ద బ్రష్, తక్కువ బలం. కుమ్మరి సారె మీద కుండకు రూపమిచ్చినట్టు కొద్దికొద్దిగా ఒత్తండి. ఒకేచోట గట్టిగా తోస్తే గీతలు గుంపుగా చేరి అక్కడ మచ్చ కనిపిస్తుంది.

నీడలకు రెండో వరస వేయండి. ఫోటోకు ఇంకో కాపీ తీసి, చీకటి చోట్లు మాత్రమే మిగిలేంతగా వెలుతురు పెంచండి. ఈసారి గీతలు ఏటవాలుగా వేసి మళ్ళీ అదే త్రెషోల్డ్ పని చేయండి. దాన్ని మొదటి దాని మీద పెట్టి లేయర్ మోడ్‌ను మల్టిప్లై చేస్తే గడ్డం కింద, చెవి వెనక గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లుతాయి. కళ్ళను మాత్రం యంత్రానికి వదలకండి. కనుపాప, అందులో వెలుగు చుక్క, పైరెప్ప గీత, ఈ మూడూ చేత్తో గీయండి. మామయ్య కంటి కొసన మూడు ముడతలు ఉంటాయి. ప్రోగ్రామ్ వాటిని మింగేసింది, నేను చేత్తో తిరిగి గీసేదాకా ఆ ముఖం ఆయనది కాలేదు.

అయ్యాక ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి ట్రేస్ బిట్‌మ్యాప్‌తో వెక్టర్‌గా, అంటే పిక్సెల్స్ బదులు గీతల ఆకారాలుగా మార్చుకోండి. నోటు వెనకవైపు అంబారీ ఏనుగు కొండపల్లి బొమ్మకు కూడా ఇదే పద్ధతి వాడాను. చెక్కబొమ్మ నునుపు కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది.

రంగు

అసలు నోట్లలో మామూలు నాలుగు రంగుల ప్రింటింగ్ ఉండదు. ఏ రంగు కావాలో ఆ సిరానే కలిపి పోస్తారు, అందుకే వెంట్రుకంత గీత కూడా తెగకుండా వస్తుంది. మన ఊళ్ళో డిజిటల్ ప్రెస్‌లో ఉండేది సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ మాత్రమే. మీరు లేత వంకాయరంగు గీత ఇస్తే యంత్రం దాన్ని చుక్కలుగా విడగొడుతుంది. 0.12 మిల్లీమీటర్ల గీతలో ఆ చుక్కలు పట్టవు, గీత తెగిపోయి ధూళిలా కనిపిస్తుంది. నా మొదటి ప్రింట్ సరిగ్గా ఇలాగే పాడైంది. తప్పు ప్రెస్‌ది కాదు, తెర రంగుల్లో, అంటే ఆర్‌జీబీలో ఉన్న జేపెగ్ పంపింది నేనే.

దీనికి మందు: సన్నటి గీతలన్నిటికీ ఒకే సిరా, అదీ నూటికి నూరు శాతం ఇవ్వండి. పువ్వు మొదటి జట్టు పూర్తి మెజెంటా, రెండో జట్టు పూర్తి సయాన్, ముఖం పూర్తి నలుపు. లేత రంగు కావాలంటే రంగు తగ్గించకండి, గీత సన్నం చేయండి, లేదా దూరం పెంచండి. మెజెంటా, సయాన్ గీతలు పక్కపక్కన నడిస్తే చేతి దూరం నుంచి కంటికి వంకాయరంగే కనిపిస్తుంది. కలిపే పని కన్ను చేసుకుంటుంది.

నేల గీతల్లో ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారాలని ఉంటే, ఆ గీతల్ని 0.3 మిల్లీమీటర్లకు పెంచండి. వాటిని స్ట్రోక్ టు పాత్‌తో ఆకారాలుగా మార్చి, అన్నిటినీ కంబైన్ చేసి, మొత్తానికి ఒకే గ్రేడియెంట్ ఇవ్వాలి. విడివిడిగా ఇస్తే ప్రతి గీతా సొంతంగా రంగు మారుస్తుంది. నేను చిలకపచ్చ నుంచి పసుపులోకి జార్చాను, కొండపల్లి చిలక బొమ్మ రంగులవి.

అక్షరాలు

నోటు మీద తెలుగుకు పాత చరిత్రే ఉంది. హైదరాబాద్ సంస్థానం 1918 నుంచి వేసుకున్న సొంత నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం ఉండేవి. ఇప్పటి నోటు వెనక భాషల పట్టీలో తెలుగు చివరి నుంచి రెండోది, తమిళానికి కింద, ఉర్దూకు పైన. మన నోటు మీద మాత్రం తెలుగు పట్టీలో ఒదిగి కూర్చోనక్కర్లేదు.

పేరుకు బరువైన ఫాంటు, మిగతా వాక్యాలకు తేలికైనది, అంతే, మూడో ఫాంటు వద్దు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో రామభద్ర పేరుకు బాగుంది, మండలి వాక్యాలకు బాగుంది. అంకెను ౬౦ అని తెలుగులో పెద్దగా, 60 అని చిన్నగా పెట్టాను. పిల్లలు తెలుగు అంకె ఏమిటని అడిగారు, అందుకోసమైనా పెట్టండి.

సూక్ష్మాక్షరాల దగ్గర మన లిపికి ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు అర మిల్లీమీటరుకు తగ్గినా ఆకారం నిలుస్తుంది. తెలుగులో తలకట్టు, గుడి, కింద వత్తు, ఇన్ని అంతస్తులుంటాయి. చిన్నదైతే గుడి పూడిపోతుంది, ‘వ’ ఏదో ‘ప’ ఏదో తెలియదు. డిజిటల్ ప్రింట్‌లో 1.2 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకండి, అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచండి. అక్షరాల బదులు గీతలా కనిపించాలంటే టెక్స్ట్ మెనూలో పుట్ ఆన్ పాత్ వాడండి, అక్షరాలు మీరు గీసిన గీత వెంట నడుస్తాయి.

ఏం రాయాలన్నది ఇంకా మంచి ప్రశ్న. నేను ముఖం చుట్టూ వలయంలో అరవై తెలుగు సంవత్సరాల పేర్లు రాశాను, ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత నుంచి అక్షయ దాకా. దూరం నుంచి అది సన్నటి అంచు. భూతద్దం పెడితే ఆయన దాటి వచ్చిన కాలం మొత్తం. పుట్టిన సంవత్సరం పేరు ఒక్కటే ఎర్రగా ఉంచాను.

ప్రెస్‌కు పంపేముందు అక్షరాలన్నిటినీ ఎంచుకుని ఆబ్జెక్ట్ టు పాత్‌తో ఆకారాలుగా మార్చండి. చాలా ప్రెస్‌లలో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని, మీ యూనికోడ్ తెలుగు అక్కడ తెరిస్తే వత్తులు విడిపోవచ్చు. అక్షరదోషాలు దిద్దుకున్నాకే ఈ పని, తర్వాత మార్చడం కుదరదు.

దాగుడుమూతలు

రెండు చిన్న కిటుకులు పెట్టాను. మొదటిది నేల గీతల్లో దాచిన అంకె. నేల గీతల పొరను కాపీ చేసి, గీతల మధ్య దూరంలో సగం మేర కిందికి జరపండి. ఈ కాపీని ౬౦ ఆకారంతో క్లిప్ చేయండి, ఆ ఆకారం లోపలిది మాత్రమే మిగలాలి, అసలు పొరలో అదే ఆకారం మేర కోసేయండి. అంకె చుట్టూ గీత లేదు, రంగు తేడా లేదు, గీతలు సగం దూరం పక్కకు తప్పాయంతే. నోటును కొంచెం వాల్చి చూసినప్పుడు కంటికి దొరుకుతుంది.

రెండోది ముందూ వెనకా కలిస్తేనే పూర్తయ్యే బొమ్మ. మన నోట్ల మీద అంకె సగం ముందు, సగం వెనక ఉండి వెలుతురుకు పెడితే నిండుగా కనిపిస్తుంది కదా, అలాగే. నేను ఇంకో చిన్న ఏనుగును ముందు, దాని అంబారీని వెనక ముద్రించాను. వెనకది అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టాలి. డిజిటల్ ప్రెస్‌లో రెండు వైపులూ ఒక మిల్లీమీటరు దాకా తప్పొచ్చు, కాబట్టి అతికినట్టు కలవాల్సిన బొమ్మ పెట్టకండి. అంబారీ కొంచెం పక్కకు జరిగినా ఏనుగు మోస్తుంది.

ప్రింటు

ఇంక్‌స్కేప్ ఫైలును ఎస్‌వీజీగా దాచి స్క్రైబస్‌లో దిగుమతి చేయండి. రంగుల జాబితాలో ఆర్‌జీబీగా వచ్చిన ఒక్కోదాన్నీ తెరిచి సీఎంవైకే (పైన చెప్పిన నాలుగు సిరాల) విలువలు ఇవ్వండి, మెజెంటా అంటే 0, 100, 0, 0. పీడీఎఫ్ ఎగుమతిలో ప్రింటర్ కోసం అని ఎంచుకుని, కటింగ్ మార్కులు, బ్లీడ్ (మొదట వదిలిన ఆ 3 మిల్లీమీటర్ల అదనం) పెట్టండి.

కాగితం నిగనిగలాడే ఆర్ట్ పేపర్ వద్దు, ఆ మెరుపులో నోటు కరపత్రం అయిపోతుంది. చేతి తయారీ కాగితం చూడ్డానికి బాగుంటుంది కానీ గరుకు మీద టోనర్ సరిగా పట్టక సన్నటి గీతలు తెగుతాయి. పూత లేని, కొంచెం గోధుమ ఛాయ ఉన్న 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు వంద గ్రాముల) కాగితం నాకు కుదిరింది, వేళ్ళ మధ్య నలిపితే చిన్న గలగల కూడా ఉంది. ప్రెస్‌వాళ్ళు ‘నోట్లా ఉంది, మేం కొట్టం’ అంటే నొచ్చుకోకండి, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. హెచ్చరిక వాక్యం, సైజు, రాజ్యం పేరు చూపించి వివరంగా చెప్పండి. ముందు రెండు వైపులా ఒక్క షీటు తీయించి ఎండలో చూసుకున్నాకే మిగతావి.

వరుస సంఖ్యలను మాత్రం కంప్యూటర్‌తో వేయించలేదు. బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టే ఇనప నంబరింగ్ మెషిన్ ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ అంకె దానంతటదే మారుతుంది. ఒకటి అద్దెకు తెచ్చి, ఎర్ర సిరా ప్యాడ్‌తో మూడు వందల నోట్లకూ మేమే కొట్టాం. అంకె కాగితంలోకి కొద్దిగా దిగి, వెనక వేలు పెడితే తగిలింది. డిజిటల్ ప్రింట్‌లో రాదనుకున్న ఆ స్పర్శ అక్కడ దొరికింది. నంబరు కొట్టాక పావుగంట ఆరనివ్వండి, ఒకదాని మీద ఒకటి వెంటనే పేరిస్తే ఎరుపు పై నోటు వీపుకు అంటుకుంటుంది. మాకు మొదటి పదకొండు అలా పోయాయి, అందుకే మామయ్య చేతికి వెళ్ళిన మొదటి నోటు నంబరు పన్నెండు.